కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటుకు ఒక ఫొటో భాండారం కావాలి: పర్యాటక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. పోయిన బియ్యం, పరుపులు తర్వాత కొనుక్కున్నాం. బీరువా కింది అరలో ఉన్న నెగెటివ్‌ల డబ్బాలు మాత్రం కొంటే దొరికేవి కావు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట ముప్పై ఏళ్లుగా నేను తీసిన ఫొటోలు వాటిలో ఉండేవి. తడిసినవన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే బొమ్మ పొరలుగా ఊడి వచ్చింది. అప్పటి నుంచి నన్ను ఒకటే ప్రశ్న వేధిస్తోంది. ఆ సంగమం పాత రూపాన్ని ఎవరైనా చూడాలనుకుంటే ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతికినవాణ్ణి. మొదటిసారి మాఘ పౌర్ణమికి, వేణుగోపాలస్వామి కల్యాణం చూడటానికి ఊరివాళ్లతో కలిసి వెళ్లాను. తెల్లవారుజామున పాలకాయతిప్ప నుంచి ఇసుకలో నడిచాం. ఒక పక్క నది, ఇంకో పక్క సముద్రం. రెండు నీళ్లూ కలిసే చోట బురద రంగుకూ నీలానికీ మధ్య సన్నని గీత. కెమెరా స్టాండు కాళ్లు ఇసుకలోకి దిగిపోతున్నాయి, ఉప్పు తుంపర్లు అద్దం మీద పడుతున్నాయి. ఆ రోజు వచ్చిన ఒక్క మంచి ఫొటో కోసం మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. అదే చోట నిలబడదామంటే ఆ చోటే లేదు. నన్ను పడవలో తీసుకెళ్లిన పెద్దాయన చెయ్యి చాచి నీళ్లను చూపించాడు. "మొగ జరిగింది బాబూ, నువ్వు పోయినేడు నిలబడ్డది అదిగో, అక్కడ."

మంత్రి గారూ, ఆ మాట దగ్గరే నా విన్నపం మొదలవుతుంది. మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, జరుగుతూనే ఉంటుంది. వరద వస్తే ఇసుక తిన్నె కోసుకుపోతుంది, ఆటుపోట్లు ఇంకోచోట మరో తిన్నె వేస్తాయి. పైన శ్రీశైలం, నాగార్జున సాగర్ కట్టాక ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది. వానలు లేని ఏళ్లలో ప్రకాశం బ్యారేజీ దాటి కిందికి వచ్చే నీరే తక్కువ. 2024 సెప్టెంబరు 2న మాత్రం 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు బ్యారేజీ దాటింది. గేట్లకు కొట్టుకున్న పడవలను నగరమంతా ఫొటోలు తీసింది. ఆ నీరంతా వెళ్లి చేరిన మొగ దగ్గర ఏ తిన్నె పోయిందో, ఏ మడ చెట్లు కూలాయో, వరదకు ముందూ తర్వాతా ఒకే చోటు నుంచి తీసిన ఫొటోల కోసం నేను వెతికాను. నాకు దొరకలేదు.

ఆ నేల చరిత్ర కూడా ఇలా జరుగుతూ వచ్చిందే. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ రాసిన కొంటకొస్సైల అనే వర్తక స్థావరం మన ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. ఇవాళ ఘంటసాలలో నిలబడితే సముద్రం కనిపించదు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు తీరాన్ని అంత దూరం నెట్టింది. అవతలి ఒడ్డున నిజాంపట్నం ఉంది. 1611లో ఇంగ్లీషువాళ్ల 'గ్లోబ్' ఓడ వచ్చి ఆగింది అక్కడే. బందరు 1864 ఉప్పెనలో కొట్టుకుపోయి మళ్లీ లేచింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి దివిసీమలో ఏ పెద్దవారిని అడిగినా చెబుతారు. అక్కడి సొర్లగొంది అనే ఊళ్లో ఒక ఇంట్లో గోడకున్న ఫొటో ఒకటి నాకు చూపించారు. అందులోని ఏడుగురిలో ఇద్దరే మిగిలారట. ఉప్పునీటికి అంచులు చెదిరిపోయిన ఆ ఫొటోకు నకలు లేదు.

2022లో జిల్లాలు విడిపోయాక హంసలదీవి కృష్ణా జిల్లాలో, ఎదుటి ఒడ్డు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. మడ అడవులు, బావురుపిల్లులు అటవీ శాఖ కిందికి వస్తాయి, గుడి దేవాదాయ శాఖ కిందికి. నదీముఖం మొత్తాన్ని ఒక్కటిగా చూసే కార్యాలయం ఒకటి ఉండాలని, అది మీ శాఖే కావాలని నా కోరిక.

రెండు ఒడ్డులా, కోతకు గురికాని కరకట్టల మీద కొన్ని రాళ్లు పాతించండి. ఏటా మాఘ పౌర్ణమికీ, ప్రతి పెద్ద వరద తగ్గాకా ఆ రాళ్ల దగ్గర నుంచే, అదే దిక్కుకు, అదే చట్రంలో ఫొటో తీయించండి. మత్స్యకార కుటుంబాల పిల్లలకు కెమెరా నేర్పి ఈ పని అప్పగిస్తే అంతకన్నా కావలసింది లేదు. ఆ నీళ్ల మీద ఏ గాలికి ఏమవుతుందో వాళ్లకు తెలిసినంత నాకు ముప్పై ఏళ్లకూ తెలియలేదు. ఇళ్లలోని పాత ఫొటోలకు నకళ్లు తీయించి అసలైనవి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. తీసుకెళ్లి తిరిగి ఇవ్వనివాళ్లను ఆ ఊళ్లు చాలామందిని చూశాయి. ఈ ఫొటోలన్నిటికీ విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో, పై అంతస్తులో, ఒక గది కేటాయించండి.

2028లో కృష్ణా పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు అంచనాలు తయారవుతాయి. వాటి పక్కన ఈ పనికయ్యే ఖర్చు చాలా చిన్నది. పుష్కరాలకు ముందే మొదలుపెడితే లక్షల మంది రాకముందు ఆ తీరం ఎలా ఉందో ఒక సాక్ష్యం మిగులుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీద సెల్ఫీ వేదికలు కట్టే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

నా నెగెటివ్‌లలో మూడు డబ్బాలు మాత్రం పై అరలో ఉండి బతికాయి. ఆ గది సిద్ధమైన రోజున కబురు చేయండి, నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
సింగ్ నగర్ ఫొటోగ్రాఫర్,
విజయవాడ