బెలూన్లు సరే, తెర ఏది?

సంపాదకుల వారికి,

అయ్యా,

రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం మా మండల కేంద్రంలో జరిగిన గులాబీ ర్యాలీ ఫోటో మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులైంది. మనవరాలి పరీక్షల హడావుడిలో పడి ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఫోటోలో ఎడమ నుంచి మూడో గొడుగు నాదే. ఫ్లెక్సీ మీద తొమ్మిది ముఖాలున్నాయి, తొమ్మిదీ మగవాళ్లవే. ‘మహిళా ఆరోగ్య నడక’ అని ఉంది తప్ప ‘రొమ్ము’ అనే మాట ఎక్కడా లేదు. ఫ్లెక్సీకి సిగ్గేసింది కాబోలు! మీ విలేకరి కూడా ‘మహిళలకు వచ్చే క్యాన్సర్’ అని రాసి ఊరుకున్నారు. అదే పేజీ అడుగున లోదుస్తుల ప్రకటన వేయడానికి మాత్రం మీకు ఏ మొహమాటమూ అడ్డురాలేదు.

ముఖ్య అతిథి పదింటికి వస్తామని పన్నెండుంబావుకు వచ్చారు. అంతసేపూ ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు బెలూన్లు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. సన్మానాలు, శాలువాలు అయ్యాక డాక్టరమ్మకు మిగిలింది నాలుగు నిమిషాలు.

ముప్పై నుంచి అరవై అయిదేళ్ల లోపు ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో రొమ్ము పరీక్ష చేయాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష ఎలా జరిగిందో చెబుతాను. వరండాలో బల్ల. బీపీ మాత్రల కోసం వచ్చిన మగవాళ్లు ఎదురుగా బెంచీ మీద. నర్సమ్మ ఫోనులోంచి తలెత్తకుండా, “రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగింది. మా పక్కింటి వదిన “లేవమ్మా” అంది. ఫోనులో ఒక టిక్కు. పరీక్ష అయిపోయింది. ఆ పిల్లను అని లాభం లేదు. రోజుకు ఇన్ని పేర్లు ఎక్కించాలని పైనుంచి ఒత్తిడి. ఉన్న ఒక్క గదికీ తలుపు లేదు, కిటికీకి రెక్క లేదు.

వదినకు అప్పటికే చింతగింజంత గడ్డ ఉంది. నొప్పి లేదు కదా, అంతమంది మగవాళ్ల ముందు ఎందుకు చెప్పడం అనుకుంది. తొలిదశలో ఈ గడ్డ చాలామందికి నొప్పి పుట్టించదన్న ఒక్క ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసుకుంది. గుంటూరు తీసుకెళ్లేసరికి చంకలోకి పాకింది.

30-49 ఏళ్ల స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒకరు కూడా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ టిక్కుల లెక్క చూస్తే మాత్రం మా ఊళ్లో అందరికీ అయిపోయినట్టే.

పరీక్షకు యంత్రాలు లేవండీ అంటారు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు అధ్యయనం నడిపారు. అందులో సగం మందికి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్ష చేశారు. యాభై దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. చిన్న వయసువారిలో అంత మేలు కనబడలేదు, నిజమే. కానీ మా వదినకు యాభై మూడు.

మనవాళ్లకు ఫోటో పడితే పని అయినట్టే. నేను పనిచేసిన బడిలో ఒకే గుంతలో ఆరేళ్లు వరుసగా మొక్క నాటిన అధికారులను చూశాను.

మొన్న బట్టల కొట్టుకు వెళ్లి ముదురు నీలం గుడ్డ కొన్నాను. కుట్టుకూలీతో కలిపి ఆరువందల యాభై అయింది. గది ద్వారానికి ఒకటి, కిటికీకి ఒకటి, రెండు తెరలు కుట్టించి సోమవారం ఆరోగ్య కేంద్రంలో ఇచ్చి వచ్చాను. కట్టడానికి పైనుంచి అనుమతి రావాలట. మడతపెట్టి బీరువాలో దాచారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని