నరాల నొప్పికి మంచం అక్కర్లేదు, డాక్టరు కావాలి

సంపాదకులు గారికి,

ఆరోగ్య కార్డుల మీద మీ పేపర్లో వార్తలు బాగానే వస్తుంటాయి, ఎన్ని లక్షల వరకు ఉచితమో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ కార్డు ఉన్నా ఉపయోగపడని జబ్బు ఒకటి మా ఇంట్లో ఉంది. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మకి నడుము పక్కన సర్పి వేసింది, పొక్కులు ఎండిపోయాయి, మచ్చలు కూడా మానిపోయాయి కానీ మంట మాత్రం పోలేదు. చీర అంచు రాసుకున్నా ఉలిక్కిపడుతుంది.

ఇది ఒక్క సర్పితోనే కాదు. షుగరు ఉన్నవాళ్లకి అరికాళ్ల మంటలు, కొందరికి దవడలో కరెంటు షాక్ కొట్టినట్టు పోట్లు, నడుము నుంచి పిక్క దాకా లాగేసే సయాటికా, అన్నీ నరాల నొప్పులే. అందరూ ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే, అక్కడ నరాల బలానికని ఒక సూది, నొప్పికని ఒక బిళ్ల. మామూలు నొప్పి బిళ్లలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు, రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. పక్కనే ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఊళ్లకి ఊళ్లు ఎలా అల్లాడుతున్నాయో చూస్తూ కూడా మనవాళ్లు డైక్లోఫెనాక్‌ని పిప్పరమెంటు బిళ్లలా చప్పరించేస్తున్నారు. అసలు ఈ నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ కూడా కిడ్నీ సరిగా లేనివాళ్లకి డోసు తగ్గించి ఇవ్వాలి, ఆ లెక్క ఆర్‌ఎంపీ ఎక్కడ చూస్తాడు?

విచిత్రం ఏమిటంటే మందులు ఖరీదైనవి కావు. అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్, దవడ పోట్లకైతే కార్బమజపిన్, ఇవన్నీ పాత మందులే, జన ఔషధి షాపులో బ్రాండు మందుల కన్నా బాగా చవగ్గా వస్తాయి. ఖరీదంతా ఎవరికి ఏది, ఎంత ఇవ్వాలో చెప్పే మనిషి కోసం తిరగడంలో ఉంది. ఈ మందులు కొద్ది డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, ఒక్కసారిగా మానేయకూడదు. అంటే మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. మా అమ్మకి అమిట్రిప్టిలిన్ రాసి ఇస్తే మందుల షాపు కుర్రాడు ఇది డిప్రెషన్ మందు కదా అన్నాడు, అంతే, నాకేం పిచ్చా అని ఆవిడ ఆ డబ్బా ముట్టుకోలేదు. నొప్పికి ఇదే మందు చిన్న డోసులో ఇస్తారని రాసినప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

నరాల డాక్టరు కావాలంటే మాకు దారి రెండు వైపులే, అటు బరంపురం మెడికల్ కాలేజీ, ఇటు శ్రీకాకుళం, విశాఖ. గుణుపురం ప్యాసింజర్ ఎక్కి విశాఖ వెళ్తే ఛార్జీ తక్కువే, కానీ తోడుగా ఒకరు రావాలి, ఆ రోజు వాళ్ల కూలి పోతుంది, డాక్టరు రేపు రమ్మంటే రాత్రి ఎక్కడో ఒక చోట పడుకోవాలి, ఇన్ని తట్టుకోలేకే చాలామంది రెండోసారి వెళ్లడం మానేస్తారు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ కార్డు కూడా వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు, వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుందంటారు. చెల్లినా ఆసుపత్రిలో చేరితేనే. ఓపీ చూపుకీ, నెలనెలా మందులకీ కాదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో (పేరెందుకు లెండి) మూడు రోజులు అడ్మిట్ చేసేయండి, కార్డులో పెట్టేద్దాం అన్నారు. మంచమూ సెలైనూ మా అమ్మకెందుకు? ఆ డబ్బు కూడా ప్రభుత్వానిదే కదా.

అందుకే అడుగుతున్నాను, బరంపురం కాలేజీ నుంచి నరాల డాక్టరుని నెలకో రోజు గజపతి జిల్లా ఆసుపత్రికి పంపించలేరా? రాయగడ వాళ్లకైతే కోరాపుట్ కాలేజీ నుంచి. అది కుదరకపోతే వీడియోలో డాక్టరుకి చూపించుకునే ఈ-సంజీవని ఉంది కదా, వారంలో ఒక పూట నరాల డాక్టరుకే కేటాయిస్తే ఇక్కడి డాక్టరు పక్కన కూర్చుని చూపించవచ్చు. నిరామయ పేరుతో ఉచితంగా మందులిచ్చే కౌంటర్లో ఈ రెండు మూడు రకాలు ఎప్పుడూ అయిపోకుండా చూడాలి. ఆశా కార్యకర్తలు ఇంకొకటి చెప్పాలి, సర్పి వేస్తే మంత్రం వేయించుకోండి, మీ ఇష్టం, కానీ పొక్కులు లేచిన 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్లి ఎసైక్లోవిర్ లాంటి మందు వాడండి అని. అలా వాడితే పొక్కులు తొందరగా తగ్గుతాయి, పొక్కులప్పుడు వచ్చే నొప్పి కూడా తగ్గుతుంది. ఇదంతా గట్టు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం, మందస, ఇచ్ఛాపురం వాళ్ల గోడు కూడా, అటు ప్రభుత్వం కూడా వినాలి.

డాక్టరు వచ్చే రోజు ఖాయమైతే మీ జిల్లా పేజీలో ముందే వేయండి. ఆసుపత్రి గోడ మీద ఒడియాలో మాత్రమే అంటిస్తే మా అమ్మ లాంటివాళ్లు చదవలేరు.

ఇట్లు,
ఒక పాఠకుడు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా