ప్రెజర్ గేజ్‌ల కాలిబ్రేషన్‌కు గ్రాంటులో ఒక పద్దు పెట్టించండి: కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అధిక పీడన రియాక్టర్లు, గ్యాస్ లైన్లు చూసుకునే టెక్నీషియన్‌ని నేను. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ల్యాబుల్లో పీడనం కొలిచే పరికరాలను (ప్రెజర్ గేజ్‌లను) సరిచూసే తీరు, అంటే కాలిబ్రేషన్ తీరు మారాలి. అది మీ శాఖ చేతిలో ఉన్న పని కాబట్టే ఈ ఉత్తరం.

కిరాణా కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర లేకపోతే కేసు రాస్తారు. వంద బార్ల పీడనంలో (మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు వంద రెట్లు) సాగే ప్రయోగానికి ఆధారమైన గేజ్ సంగతి మాత్రం అడిగేవారు లేరు. గ్రాంటు దరఖాస్తులో పరికరాలకు, రసాయనాలకు, ప్రయాణాలకు గడులుంటాయి. కాలిబ్రేషన్‌కు ఉండదు. కంటింజెన్సీలో, అంటే చిల్లర ఖర్చుల పద్దులో మిగిలితే చేయిస్తాం, లేకపోతే వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాం.

చేయించినప్పుడైనా ఏం జరుగుతోంది? గేజ్ ఊడదీసి, అట్టపెట్టెలో సర్ది, కొరియర్‌లో పంపుతాం. అది తిరిగొచ్చేదాకా రియాక్టర్ ఖాళీ. వచ్చిన సర్టిఫికెట్‌లో తరచూ సరిచేసిన తర్వాతి రీడింగులే కనిపిస్తాయి. నాకు అంతకంటే ముఖ్యమైనవి పెట్టె విప్పగానే, సూది ముట్టుకోకముందు తీసిన రీడింగులు. అవి లేకపోతే నిరుడు మా విద్యార్థి థీసిస్‌లో వేసుకున్న పీడనాలు నిజమో కాదో ఎలా తెలుస్తుంది? ఈ రీడింగులు విధిగా ఇవ్వాలని వర్క్ ఆర్డర్‌లోనే రాయమని మీ శాఖ ఒక్క సర్క్యులర్ పంపితే చాలు. పైసా ఖర్చు లేని పని.

ఈ పనిలో శ్రద్ధ ఎంత అవసరమో ఒక్క ఉదాహరణతో చెబుతాను. గేజ్‌లను సరిచూసే డెడ్ వెయిట్ టెస్టర్‌లో పిస్టన్ మీద తూకాలు పెట్టి పీడనం పుట్టిస్తాం. చాలా టెస్టర్ల తూకాలు ప్రామాణిక గురుత్వ త్వరణం 9.80665 మీ/సె²కి లెక్కగట్టి ఉంటాయి. హైదరాబాద్‌లో అది సుమారు 9.783. అంటే వంద బార్ల తూకాలు వేస్తే ఇక్కడ నిజంగా పుట్టేది దాదాపు 99.76 బార్లే. ఆ దిద్దుబాటు చేయకపోతే సరిగ్గా ఉన్న గేజ్‌నే తప్పనుకుని దాని సూదిని జరిపేస్తాం. 0.1 శాతం ఖచ్చితత్వం ఉన్న గేజ్‌కు ఆ తేడా హద్దు కంటే రెట్టింపు పైనే.

గేజ్ లోపల సూదిని కదిపే వంపు గొట్టం (బోర్డన్ గొట్టం) పీడనం ఎక్కేకొద్దీ విచ్చుకుంటుంది, దిగేకొద్దీ ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడు 60 బార్ల దగ్గర చూపిన రీడింగు దిగేటప్పుడు చూపకపోవచ్చు. అందుకే రెండు వైపులా చూడాలి, ప్రతి మెట్టు దగ్గరా సూది కుదురుకునేదాకా ఆగాలి. ఆక్సిజన్ లైన్ గేజ్‌ని నూనెతో పనిచేసే టెస్టర్ దగ్గరికి అసలు తీసుకెళ్లకూడదు. గేజ్‌లో మిగిలిన నూనె చాలు, ఆక్సిజన్ తగిలి మంటలు లేవడానికి.

ఇదంతా తెలిసిన మనిషి, మిగతావాటిని పోల్చి చూసుకునే మంచి డిజిటల్ రిఫరెన్స్ గేజ్, పీడనం పుట్టించే చేతి పంపు ఉంటే చాలా గేజ్‌లను ల్యాబులోనే, బిగించిన చోటే సరిచూడొచ్చు. దేశపు కొలతల ప్రమాణాలను కాపాడే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ప్రమాణాలతో గొలుసు తెగకుండా ఉండటానికి ఆ రిఫరెన్స్ ఒక్కదాన్ని ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ ల్యాబుకు పంపితే సరిపోతుంది. ఒక్కో ల్యాబ్ ఒక్కోటి కొనక్కర్లేదు. నగరానికొక ఉమ్మడి సెట్టు, దాన్ని వాడటం వచ్చిన ఒకరిద్దరు ఉంటే చాలు. ఖరీదైన పరికరాలను పంచుకోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఎలాగూ ఉంది, అందులోనే దీన్నీ చేర్చించండి.

ఇక గడువు. ఆడిట్‌కు వచ్చేవారు ప్రతి గేజ్‌కూ ఏడాది లోపు తేదీ ఉందా అని చూస్తారు. కాలిబ్రేషన్ ల్యాబుల ప్రమాణమైన ఐఎస్ఓ 17025లో ఏడాది అన్న నియమం లేదు. పరికరం రీడింగు కాలం గడిచేకొద్దీ ఎంత పక్కకు జారుతోందో పాత రీడింగులు చూసి గడువు పెట్టుకోవాలి. కుదుపుల్లో పనిచేసే గేజ్‌కి ఆరు నెలలే ఎక్కువ కావచ్చు, కదలకుండా కూర్చున్న ట్రాన్స్‌డ్యూసర్‌కి (పీడనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరానికి) రెండేళ్లు ఆగవచ్చు. సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో చెప్పడానికి మాత్రమే ఉన్నదానికి ‘సూచన కోసం మాత్రమే’ అని చీటీ అంటిస్తే చాలు. ఆ డబ్బు డేటా ఇచ్చే గేజ్‌ల మీద, భద్రత ఆధారపడిన గేజ్‌ల మీద పెట్టొచ్చు. ఈ విభజన చేసుకునే అధికారం ల్యాబులకు ఉందని రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే ఆడిట్ భయంతో అన్నిటినీ ఒకే గాటన కట్టి పంపుతూనే ఉంటారు.

2025 జూన్‌లో పరిశోధనా పరికరాల కొనుగోలు నిబంధనలు సడలించారు. మా ల్యాబుల్లో అందరం సంతోషించాం. కొన్న పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసుకునే ఖర్చుకూ అదే చొరవ చూపాలని కోరుతున్నాను. తదుపరి గ్రాంట్ల ప్రకటన వెలువడేలోగా దరఖాస్తులో కాలిబ్రేషన్ పద్దు ఒకటి చేర్పించండి.

ఇట్లు,
ఒక ప్రయోగశాల టెక్నీషియన్, హైదరాబాద్