తవాంగ్‌కు వెళ్లింది దండయాత్ర కాదు

సంపాదకులకు,

అరుణాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దున ఉన్న తవాంగ్ మీద మీ ఆదివారం వ్యాసం వచ్చి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని చూస్తే ఇంతవరకూ లేదు.

మేజర్ బాబ్ ఖాతింగ్ ‘సైన్యంతో దండెత్తి’ తవాంగ్‌ను గెలిచాడట! 1951లో ఆయన వెళ్లింది సరిహద్దు పాలనాధికారిగా. వెంట ఉన్నది అస్సాం రైఫిల్స్ అనే పారామిలటరీ దళం. జనవరి 17న బయలుదేరిన ఈ యాత్రలో జవాన్లు 200 మంది, కూలీలు 600 మంది. ఒక్కో జవానుకు ముగ్గురు కూలీలన్నమాట. రోడ్డు లేదు కాబట్టి బియ్యం, డేరాలు అన్నీ వీపుల మీదే వెళ్లాలి. మోసేవాడికీ తిండి కావాలి, ఆ తిండి మోయడానికి మళ్లీ మనిషి కావాలి. ఆ బరువులతో మంచులో 13,000 అడుగులు దాటిన సేలా కనుమ ఎక్కి దిగి, ఫిబ్రవరి మొదటి వారంలో చేరారు.

అసలు పని అక్కడ మొదలైంది. బ్రిటిష్ ఇండియాకూ టిబెట్‌కూ హద్దుగా 1914లో గీసిన మెక్‌మహన్ రేఖకు ఇవతలే ఉన్నా, ఆ ఊళ్ల పన్నులు టిబెట్‌లోని త్సోనా అధికారులే పట్టుకెళ్లేవారు. ఖాతింగ్ ఎత్తు మీద మకాం వేశాడు, జవాన్లను ఊరికి కనబడేలా కవాతు చేయించాడు, ఊరిపెద్దలను పిలిపించి ఇకపై అటు పన్ను కట్టొద్దన్నాడు. తూటా పేల్చకుండా పాలన చేతులు మారింది ఆ పన్ను ఆగడంతోనే. వ్యాసంలో పన్ను ఊసే లేదు.

ఆయన కమిషన్ పొందింది 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో, అంటే ఇప్పటి కుమావూన్ రెజిమెంట్‌లో. తెలుగు పత్రికకు ఈ సంగతైనా పట్టొద్దా? రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద వి ఫోర్స్ అనే గెరిల్లా, నిఘా దళంలో పోరాడి మిలిటరీ క్రాస్ అనే శౌర్య పతకం అందుకున్నాడు. మణిపూర్‌లో కొండప్రాంతాల మంత్రి, తర్వాత నాగాలాండ్ చీఫ్ సెక్రటరీ, 1972 నుంచి బర్మాలో మన రాయబారి. మణిపూర్‌లోని ఉఖ్రుల్ కొండల టాంఖుల్ నాగా తెగ బిడ్డ అంత దూరం వెళ్తే, మీరు అతణ్ని ఒక్క వాక్యంలో కుదించేశారు.

మీ ఒక్కరినే అనడమెందుకు! 1990లో పోయిన మనిషికి తవాంగ్‌లో స్మారకం కట్టడానికి ప్రభుత్వాలకు 2021 దాకా తీరిక దొరకలేదు. మన పిల్లలకు బొబ్బిలి, పానిపట్టు చెప్పే బళ్లలో తవాంగ్ మన ఏలుబడిలోకి ఎలా వచ్చిందో చెప్పేవారేరి? ఈశాన్యం పేరు మన పేజీల్లోకి ఎక్కాలంటే అక్కడ ఎన్నికలో అల్లర్లో జరగాలి.

వచ్చే ఆదివారం, అదే పేజీలో, ‘దండెత్తి’ అన్న మాట తప్పని సవరణ వేయండి. ఆ 600 మంది కూలీల లెక్క కూడా అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ