హాలు కూల్చేముందు ఒకసారి అటక చూడండి

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతి గారికి,

నమస్కారమండీ. 1999లో మోంటానా రాష్ట్రంలోని సుపీరియర్ అనే చిన్న ఊళ్లో, ఒక సినిమా హాలు ప్రొజెక్టర్ గదిలో నేల మీద పడి ఉన్న రీలు దొరికింది. అది థాన్‌హౌసర్ కంపెనీ 1913లో తీసిన 'ది ఎవిడెన్స్ ఆఫ్ ద ఫిల్మ్'. రెండేళ్లకే మీ నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలోకి, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోకి, ఎక్కింది. సంతోషం. కానీ ఆ గది ఊడ్చినవాళ్లు ఎప్పుడో చెత్తలో పారేసి ఉంటే?

ఎడ్విన్ థాన్‌హౌసర్ నాటకాల మనిషి. మిల్వాకీలో థియేటర్ నడిపినవాడు, 1909లో భార్య గెర్ట్రూడ్‌తో కలిసి న్యూయార్క్ దగ్గర న్యూ రోషెల్‌లో పాత స్కేటింగ్ రింకును స్టూడియోగా మార్చాడు. పేటెంట్లు చేతిలో పెట్టుకుని ఎడిసన్ వాళ్ల ట్రస్టు, అంటే కంపెనీల కూటమి, పరిశ్రమంతా గుప్పిట్లో పెట్టుకున్న రోజులవి, అయినా ట్రస్టు బయటే ఉండి ఏడెనిమిదేళ్లలో వెయ్యికి పైగా సినిమాలు తీశారు. 1913 జనవరిలో స్టూడియో కాలిపోతే ఆ మంటల మీదే సినిమా తీసి వదిలారు! అంత మొండి పట్టుదల వాళ్లది.

1914లో వచ్చిన 23 భాగాల 'ది మిలియన్ డాలర్ మిస్టరీ' జనాన్ని ఊపేసింది. అదే ఏడాది కంపెనీ నడిపిస్తున్న చార్లెస్ హైట్ కారు ప్రమాదంలో పోయాడు. ఆ సీరియల్ హీరోయిన్ ఫ్లారెన్స్ లా బాడీ కూడా 1917లో కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి, కొన్ని వారాలకు కన్నుమూసింది. కంపెనీ కథా దాదాపు అప్పుడే ముగిసింది. ఆ సీరియల్ ఇప్పుడు మనకు లేదు.

అమెరికా మూకీ ఫీచర్ సినిమాల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో మీ లైబ్రరీయే చెప్పింది. థాన్‌హౌసర్ సినిమాలు కొన్నైనా ఇవాళ చూడగలుగుతున్నామంటే, ఎడ్విన్ మనవడు ఏళ్ల తరబడి దేశదేశాల ఆర్కైవుల్లో వెతకడం వల్లే. ఇది ఒక కుటుంబం మోయాల్సిన బరువా?

నేను అడిగేది చిన్నదే. పాత హాలు మూసేటప్పుడో కూల్చేటప్పుడో ప్రొజెక్టర్ గది, అటక, నేలమాళిగ చూసే మనిషిని పంపండి. ఆ రోజుల్లో వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దొరికినవాళ్లు భయపడి పారేస్తారు, ఎవరికి ఫోన్ చేయాలో ఊరూరా తెలిసేలా చెయ్యండి.

రఘుపతి వెంకయ్య గారు, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు మా తెలుగువాళ్లకు మిగల్లేదు. ఆ బాధ తెలుసు కాబట్టే ఇంతగా అడుగుతున్నాను. ఆ 23 భాగాల్లో ఒక్కటైనా ఏదో ఊళ్లో డబ్బాలో ఉండొచ్చు, అది పొడి అయిపోకముందే వెతికించండి.

ఇట్లు,
పాత సినిమాల అభిమాని