పాత కంప్యూటర్‌ని పాతసామాన్లకు వేసే ముందు

సంపాదకులు గారికి, నమస్కారం.

విండోస్ 10 గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిందనీ, విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లున్నవాళ్లు కొత్తవి కొనుక్కోవడమే మేలనీ రాశారు. తేదీ సరిగ్గానే ఉంది. సలహా దగ్గరే నాకు పేచీ. నేను తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఆ సలహా వింటే మా పని సగం ఆగిపోతుంది.

పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు. మా దగ్గర ఇవన్నీ పేజీలు కట్టే పేజీమేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లతో చేసినవే. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షన్ రానేలేదు. అయినా మాలాంటి సెంటర్లు దాన్ని వదల్లేవు, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. తాతగారి పెద్దకర్మకు వేసిన కార్డులాంటిదే నాయనమ్మకూ వేయమని వస్తారు. అదీ సాయంత్రానికల్లా కావాలి. పాత ఫైలు తెరిచి పేరు, తిథి, ఫొటో మార్చి, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీసి స్క్రీన్ ప్రింటింగ్‌కి పంపాలి. ఆ ఫైల్లో ఉన్నది ఫోన్లలో, వెబ్‌సైట్లలో అంతటా చదవగలిగే యూనికోడ్ తెలుగు కాదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు పడతాయి. (తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఒకప్పుడు తలా ఒక ఫాంట్ దించుకోమనేవి, మీకు గుర్తుండే ఉంటుంది.) కొత్త కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే ఈ ఫైళ్లన్నీ మళ్లీ మొదటినుంచి టైపు చేసుకోవాల్సిందే.

ఈ సెటప్ అంతా, పాత లేజర్ ప్రింటర్ డ్రైవర్‌తో సహా, విండోస్ 7లో ఉంది. దానికి 2020 జనవరిలోనే కాలం చెల్లింది. క్రోమ్ బ్రౌజర్ కూడా 2023 నుంచి దాన్ని వదిలేసింది. మరోవైపు హాల్ టికెట్లు, అప్లికేషన్లు, జీఎస్టీ రిటర్నులు అంటూ జనం వస్తూనే ఉంటారు. ఆ పనులు విండోస్ 7లో చేయడం ప్రమాదం. ఒక పనికి పాతది కావాలి, ఇంకో పనికి కొత్తది కావాలి. అలాగని టేబుల్ మీద రెండు కంప్యూటర్లు పెట్టే చోటు నా కొట్లో లేదు.

అందుకే ఒకే కంప్యూటర్లో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకున్నాను. విండోస్ 7, విండోస్ 10, ఉచితంగా దొరికే లినక్స్ మింట్. నాది ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, ర్యామ్ 4 జీబీ. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలుపెడుతుంది, పైగా టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు అడుగుతుంది. కాబట్టి ఆ దారి నాకు లేదు. విండోస్ 7ని వర్చువల్ మెషీన్‌గా, అంటే ఇంకో సిస్టమ్ లోపల ఒక ప్రోగ్రామ్‌లా, నడుపుకోమని కొందరన్నారు. 4 జీబీలో అది నడవదు, ఈదుతుంది.

స్విచ్ వేయగానే పాతరకం కంప్యూటర్ డిస్కులో మొట్టమొదటి సెక్టార్ చదువుతుంది. అది మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లలో సిస్టమ్‌ని లేపడం మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, 64 బైట్లలో పార్టిషన్ల (డిస్కును విడదీసిన భాగాల) పట్టిక ఉంటుంది. గొడవంతా ఆ కాస్త చోటు దగ్గరే. ఇంట్లోకి చివరగా అద్దెకు దిగినవాడు గుమ్మం మీద తన బోర్డు పెట్టుకున్నట్టు, ఆఖర్న ఎక్కించిన సిస్టమ్ ఆ ప్రోగ్రామ్‌ని తనకు తగ్గట్టు మార్చేస్తుంది. విండోస్ తన పాత వెర్షన్లను గుర్తుపడుతుంది గానీ పక్కన లినక్స్ ఉందని పట్టించుకోదు. లినక్స్‌తో వచ్చే గ్రబ్ అనే బూట్ మేనేజర్ మాత్రం డిస్కంతా వెతికి, దొరికిన విండోస్‌ను కూడా మెనూలో చేరుస్తుంది. అందుకని వరుస ముఖ్యం: ముందు పాత విండోస్, తర్వాత కొత్త విండోస్, చివర్న లినక్స్. తిరగేసి చేస్తే లినక్స్ డిస్కులోనే ఉంటుంది, మెనూలో కనబడదు. చాలామంది అది పోయిందనుకుని ఫార్మాట్ చేయిస్తారు. నిజానికి లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి గ్రబ్‌ని మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది.

ఈ పద్ధతిలో ప్రైమరీ పార్టిషన్లు, అంటే ఆ పట్టికలో నేరుగా రాసుకునే భాగాలు, నాలుగుకు మించి కుదరవు. లినక్స్‌కి ప్రైమరీ అక్కర్లేదు, ఆ నాలుగింటిలో ఒకదాన్ని మళ్లీ విడగొట్టి చేసే లాజికల్ పార్టిషన్‌లోనూ లేస్తుంది. కాబట్టి మిగతావి విండోస్‌లకు ఉంచుకోవచ్చు. ఇంకో సంగతి, గ్రబ్‌లో విండోస్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత మెనూ వచ్చి అప్పుడు 7 కావాలా 10 కావాలా అంటుంది. రెండుసార్లు ఎంచుకోవడం విసుగే, అలవాటైపోయింది. పైగా ఆ రెండో మెనూ నీలం రంగు తెరతో వస్తే, 7ని ఎంచుకోగానే కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి రీస్టార్ట్ అవుతుంది. దాన్ని పాత నల్ల తెర మెనూగా మార్చుకుంటే ఆ తిప్పలుండవు.

అసలు జాగ్రత్త ఫాస్ట్ స్టార్టప్ దగ్గర కావాలి. విండోస్ 10ని షట్‌డౌన్ చేస్తే పూర్తిగా పడుకోదు, తొందరగా లేవడానికి సగం నిద్రలో ఉంటుంది. ఆ సమయంలో డిస్కును ఇంకో సిస్టమ్ ముట్టుకుంటే, విండోస్ 7 అయితే డిస్క్ చెకింగ్ మొదలుపెడుతుంది, లినక్స్ అయితే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. నాకు డీ డ్రైవ్ మూడింటికీ ఉమ్మడి. విండోస్ 7లో చేసిన కార్డుని పీడీఎఫ్‌గా డీ డ్రైవ్‌లో పెట్టి, లినక్స్‌లోంచి పార్టీకి (పని ఇచ్చినవాళ్లకి) వాట్సాప్ చేస్తాను. విండోస్ 7లో నెట్‌వర్క్‌ను డిజేబుల్ చేసేశాను. ఇంటర్నెట్‌కీ దానికీ సంబంధం లేదు. ఈ ఏర్పాటు నడవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయాల్సిందే. మెకానిక్‌లలో చాలామంది ఈ మాట చెప్పరు.

గడియారం గొడవ కూడా ఒకటుంది. విండోస్ మన టైమునే కంప్యూటర్ గడియారంలో రాస్తుంది, లినక్స్ గ్రీన్‌విచ్ టైము రాస్తుంది. దాంతో లినక్స్ నుంచి విండోస్‌కి రాగానే టైము అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. సాయంత్రం ఆరింటికి కొట్టిన బిల్లు మీద మధ్యాహ్నం పన్నెండున్నర అని పడితే పార్టీకి ఏం చెబుతాం? లినక్స్‌లో ఒక్క కమాండ్ కొడితే రెండూ ఒకే టైము చూపిస్తాయి.

లినక్స్ అనగానే తెలుగు టైపింగ్ ఎలాగని అడుగుతారు. డీటీపీ వాళ్లకు చేతికి అలవాటైన యాపిల్ అనే తెలుగు కీల అమరిక అక్కడా ఉంది, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో ఎంచుకోవాలి. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కొత్తగా వచ్చే పనుల్లో కొన్ని ఇప్పుడు వాటితోనే చేస్తున్నాను. శుభలేఖల పనికి మాత్రం ఆ వంపులు, ఆ లావులు ఇంకా చాలవు. ఆ మాట దాచను.

కొత్త లాప్‌టాప్‌ల సంగతి వేరు. వాటిలో యూఈఎఫ్ఐ అనే కొత్తరకం బూట్ పద్ధతి ఉంటుంది, ఒక్కో సిస్టమ్ తన బూట్ ఫైళ్లను తన ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. కాబట్టి ఒకరి ఫైళ్ల మీద ఒకరు రాసుకోవడం తక్కువే, ముందు ఎవర్ని లేపాలన్న వరుసే మారుతూ ఉంటుంది. అలాగని పూర్తి భరోసా ఏమీ లేదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్‌తో లినక్స్ కూడా ఉన్న చాలా కంప్యూటర్లలో లినక్స్ లేవడం మానేసింది. అయితే లాప్‌టాప్‌లలో అంతకన్నా పెద్ద టెన్షన్ బిట్‌లాకర్, అంటే డిస్కులో ఉన్నదానికి విండోస్ వేసే తాళం. మాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. లినక్స్ కోసం లాప్‌టాప్‌ను షాపులో ఇస్తే, అతను ఏమీ అడక్కుండా సెక్యూర్ బూట్ అనే రక్షణ సెట్టింగ్ ఆపేశాడు. అంతే, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ సంగతి ఆ పిల్లకీ తెలీదు, షాపు అతనికీ పట్టలేదు. ఫార్మాట్ కొట్టి ఇచ్చాడు. ప్రాజెక్టు ఫైళ్లు పోయాయి. షాపు పేరు రాయను, ఏ ఊరి షాపుకెళ్లినా ఇదే తంతు. ఏం అడిగినా ‘ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్’ అన్నదే వాళ్లకు తెలిసిన వైద్యం.

పాత కంప్యూటర్లన్నీ బంగారమని నా వాదన కాదు. డిస్కు చప్పుడు చేస్తుంటే మార్చాల్సిందే. ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవాల్సిందే. విండోస్ 10లోనే ఉండిపోదామనుకునే మామూలు వాడుకదార్లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ పెట్టింది. మీ వ్యాసంలో ఆ ఊసూ లేదు, లినక్స్ ఊసూ లేదు. అది చదివి మా వీధిలో జెరాక్స్ షాపాయన బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను పాతసామాన్లకు వేయబోతే నేనే ఆపాను.

కాబట్టి నా కోరిక ఒకటే. ఇదే విషయం మీద ఇంకో అరపేజీ వేయించండి. డిస్కులో చోటు ఎలా విడదీయాలో, ఏది ముందు ఏది తర్వాత ఎక్కించాలో ఫొటోలతో చూపిస్తే మా ఊళ్లలో చాలామంది కత్తిరించి దాచుకుంటారు. బిట్‌లాకర్ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఎక్కడ దొరుకుతుందో, లాప్‌టాప్‌ను షాపులో ఇచ్చే ముందే దాన్ని కాగితం మీద రాసుకోవాలని కూడా పెద్దక్షరాల్లో వేయించండి.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు,
తెనాలి.