అప్‌డేట్‌తో డైవ్ కంప్యూటర్‌లో నైట్రోజన్ లెక్క చెరిగిపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

నమస్కారం.

మాది భీమిలి. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవ్‌మాస్టర్‌గా, అంటే అతిథులను డైవింగ్‌కు తీసుకెళ్లే గైడ్‌గా పనిచేస్తున్నాను. చేతికి కట్టుకుంటే లోతు, సమయం, ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్కగట్టి నీళ్లలో ఇంకెంతసేపు ఉండొచ్చో చెప్పే మీ డైవ్ కంప్యూటర్‌ను రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో మీ డీలర్ దగ్గరే కొన్నాను. నా ఫిర్యాదుకు మీ సర్వీసు విభాగం ఇచ్చిన జవాబు చూశాక మళ్లీ రాయక తప్పడం లేదు. డైవ్ లాగ్ (చేసిన డైవ్‌ల రికార్డు) పోతే వారంటీ వర్తించదట, కంప్యూటర్‌ను సరిగ్గా కడగకపోవడం వల్ల కనెక్షన్ దెబ్బతిని ఉండొచ్చట. లాగ్ పోయిందని నేను అసలు ఫిర్యాదే చేయలేదు. నా పాత డైవ్‌లన్నీ సబ్‌సర్ఫేస్ అనే డైవ్ లాగ్ ప్రోగ్రామ్‌లో భద్రంగా ఉన్నాయి. పోయింది నా ఒంట్లో ఉన్న నైట్రోజన్ లెక్క. లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి చేరుతుంది, పైకి వచ్చాక నెమ్మదిగా పోతుంది.

ఫిబ్రవరి 9 ఉదయం నేనూ నా తోటి డైవరూ మొదటి డైవ్ చేశాం. 24 మీటర్ల లోతు, మొత్తం 46 నిమిషాలు. పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాం. బోటు జెట్టీకి చేరాక కంప్యూటర్‌ను మంచినీళ్ల బకెట్‌లో ముంచి, తుడిచి, లాగ్ దించుకుందామని మీ యాప్ తెరిచాను. బ్లూటూత్ కలవగానే కొత్త ఫర్మ్‌వేర్ (కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) వేసుకోమంది. 'తర్వాత' అనే మీట ఎక్కడా లేదు. అప్‌డేట్ చేస్తే ఏం పోతుందో ఒక్క ముక్క రాసి లేదు. సరే అని నొక్కాను.

కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. అంతకుముందు తెర మూలన ఉన్న చిన్న విమానం గుర్తు (ఇప్పుడే విమానం ఎక్కకూడదని చెప్పేది) మాయమైంది. నీళ్లలోంచి వచ్చి ఎంతసేపైందో చూపించే చోట గీతలు మిగిలాయి. అప్పుడే పెట్టెలోంచి తీసిన కొత్త దానిలా ఉంది. అనుమానం వచ్చి, తర్వాతి డైవ్‌లో ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే ప్లాన్‌లోకి వెళ్లి 18 మీటర్లు పెట్టి చూశాను. 51 నిమిషాలు ఉండొచ్చని చూపించింది. నా తోటి డైవర్‌దీ ఇదే మోడల్, సెట్టింగులూ ఇవే. నా పక్కనే అదే డైవ్ చేశాడు. అతని కంప్యూటర్ 36 నిమిషాలే ఇచ్చింది. అతను అప్‌డేట్ చేయలేదు, అంతే తేడా.

ఈ 15 నిమిషాలు చిన్న విషయం కాదు. మీ మాన్యువల్ ప్రకారమే ఈ కంప్యూటర్ బ్యూల్‌మన్ అనే వైద్యుడి పద్ధతిలో 16 రకాల కణజాలాల లెక్క విడివిడిగా చూస్తుంది. వాటిలో అన్నిటికంటే నెమ్మదైనదానికి నైట్రోజన్ సగం వదలడానికే 635 నిమిషాలు పడుతుంది. గంట సేపు బోటులో కూర్చుంటే ఒళ్లు ఖాళీ అయిపోదు. ఆ 51 నమ్మి దిగినవాళ్లకు పైకి వచ్చేటప్పుడు నైట్రోజన్ ఒంట్లో బుడగలు కట్టి, కీళ్లనొప్పులతో మొదలై కాళ్లు పడిపోయేదాకా రావచ్చు. ఆ రోజు నేను రెండో డైవ్ మానుకున్నాను. రాజమండ్రి నుంచి వచ్చిన దంపతులను నా తోటి డైవర్ తీసుకెళ్లాడు.

నాకు తెలుసు కాబట్టి ఆగాను. మా షాపులో మీ కంప్యూటర్లు ఇంకా 5 ఉన్నాయి, వాటిని అతిథుల చేతికి కడతాం. వాళ్లు తెర మీద అంకె ఎంతుంటే అంతే నమ్ముతారు, నమ్మమని చెప్పేదీ మేమే. ఈ సంగతి తలుచుకుంటేనే గుండె జారిపోతుంది.

ఇక కడగడం గురించి. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లలో నానబెడతాను, సాయంత్రం మళ్లీ గోరువెచ్చని నీళ్లలో అరగంట. ప్రెషర్ సెన్సార్ చిల్లుల్లో ఉప్పు గడ్డకడితే లోతు తప్పు చూపిస్తుందని తెలుసు. అందుకే నానబెట్టే వదిలిస్తాను తప్ప సూదితో పొడవను, ట్యాంకు గాలి కొట్టను. నీడలోనే ఆరబెడతాను. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఓ-రింగ్ (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) కొత్తది వేసి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, ఒక్క వెంట్రుక కూడా అడ్డం పడలేదని వెలుతురులో చూసుకుని మూస్తాను. అయినా కనెక్షనే చెడి ఉంటే అప్‌డేట్ పూర్తయ్యేదా? ఫోటోలు జతచేశాను, చూడండి.

డబ్బు వాపసు అడగడం లేదు. ఒంట్లో నైట్రోజన్ లెక్క ఇంకా నడుస్తుండగా యాప్ అప్‌డేట్ మొదలుపెట్టకూడదు. అది కుదిరేదాకా, 'ఇది చేస్తే లెక్క చెరిగిపోతుంది, ఈ రోజు డైవ్ చేయకండి' అని పెద్ద అక్షరాల్లో చెప్పాలి, వద్దనే మీట ఇవ్వాలి. ఈ మోడల్ కొన్నవాళ్లందరికీ ఈ వారంలోనే హెచ్చరిక పంపండి. నేను కంప్యూటర్‌ను సరిగ్గా కడగలేదన్న మాటను మీ రికార్డులోంచి తీసేయండి.

అప్పటివరకు మా షాపు ఫోన్లలో మీ యాప్ తీసేశాం. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
డైవ్‌మాస్టర్, స్వరాజ్ ద్వీప్.

జతచేసినవి: కొనుగోలు బిల్లు, రెండు కంప్యూటర్ల తెరలు పక్కపక్కనే ఉన్న ఫోటోలు, సెన్సార్, బ్యాటరీ గది ఫోటోలు, మీ సర్వీసు విభాగం జవాబు నకలు.